వంటింటికి ఎవరి మూర

మా అత్తమ్మ వంటకు కూర్చుందంటే తాలింపు పడేదాకా లేచేది కాదు. కాపురానికి వెళ్ళిన కొత్తలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది అదే. దమ్మపేట దాటి అడవి వైపు పోయే దారిలో ఉండేది మా ఊరు. ఇంటి వెనక తాటాకు పాక, పాకలో మట్టి పొయ్యి, పొయ్యి ముందు చెక్కపీట, పీట మీద ఆవిడ. కుడిచేతి పక్కన ఉప్పుకుండ, చింతపండు జాడీ, కారం డబ్బా. ఎడమచేతి పక్కన ఎండిన తునికి కట్టెలు. వీపు వెనక నీళ్ళ బాన. తల తిప్పకుండా చెంబు వెనక్కి చాపితే అది సరిగ్గా నీళ్ళలోనే మునిగేది. ఎవరైనా ఉప్పుకుండను జానెడు పక్కకు జరిపారో, ఆ పూట ఇల్లంతా చివాట్లే.

నేనేమో ముదిగొండ వైపు పిల్లను. హాస్టల్లో చదివి, ఏఎన్ఎం ట్రైనింగ్ అయ్యి, ఆ అడవి పల్లెల్లో డ్యూటీకి వచ్చినదాన్ని. పైగా పొడగరిని. మా పుట్టింట్లో అందరం అంతే, గుమ్మాలకు తలలు కొట్టుకుంటూ పెరిగాం. పొద్దంతా సంచీ భుజాన వేసుకుని గూడేలు తిరిగి వచ్చి, ఆ పాకలో మోకాళ్ళు గడ్డానికి ఆనించి పొగలో కూర్చోవాలంటే నాకు ఏడుపొచ్చేది. నడుం పట్టేసేది. కళ్ళు మండేవి. లేవబోతే పైన వెదురు వాసం నెత్తికి తగిలేది.

"ఆ పాకలో మనిషి వండలేదు, కోడైతే వండుతుంది" అని ఒకసారి మా ఆయన ముందు గట్టిగానే అన్నాను. అత్తమ్మ విననే విన్నది.

"కోడి గుడ్డు పెడ్తది పిల్లా, పులుసు పెట్టదు" అని లోపలి నుంచి జవాబొచ్చింది.

మా ఆయన ప్రైమరీ స్కూల్లో టీచరు. ఆయన చిన్నప్పుడే తండ్రి పోతే, అత్తమ్మ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ దినాలకూ వండి ఆయన్ని టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది. ఆమె వండిన వంకాయ కూర గురించి ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళి పందిట్లో పెద్ద గాడిపొయ్యి ముందు ఆమె నిలబడిందంటే ఆ ఇంటి పెద్దలు నిశ్చింతగా కూర్చునేవారట. కానీ నేను వెళ్ళేసరికే ఆమె మోకాళ్ళు పాడయ్యాయి. నిలబడితే ఎక్కువసేపు ఓర్చుకోలేకపోయేది. అందుకే ఆ పీట.

ఎనభైల మొదట్లో మేము గట్టి ఇల్లు కట్టడం మొదలుపెట్టాం. నిలబడి వండుకునే గట్టు కావాలని నేను పట్టుబట్టాను. మా ఆయనకూ ఆ మాట నచ్చింది. ఒకరోజు అన్నాలు తింటున్నప్పుడు సంతోషంగా, "అమ్మా, ఇగ నువ్వు పొయ్యి ముందల కూసునుడు బంద్. నీ కోడలు నిలబడి వండుతది, నువ్వు కూసొని తిను" అన్నాడు.

ఆయన ప్రేమగానే అన్నాడు. అత్తమ్మ మాత్రం చెయ్యి కడుక్కుని లేచిపోయింది. కంచంలో అన్నం సగం అలాగే ఉంది. నేను వెనకే వెళ్ళాను. బోరింగు దగ్గర గట్టు మీద కూర్చుని ఉంది.

"నీకు నిలబడి వండుడు సుకం" అంది నా వైపు చూడకుండానే. "నాకు మోకాళ్ళు నిలబడనియ్యవు. గట్టు కట్టినంక ఇగ నేను వంటింట్లకు సుట్టం లెక్క వచ్చి పోవుడేనా, బిడ్డా? చేతిల గరిటె లేకపోతే ఈ ఇంట్ల నేనెవల్ని?"

గట్టు వద్దనుకుంటే నా నడుం పోతుంది. కావాలనుకుంటే ఆమె పొయ్యి పోతుంది. ఉన్నది ఒక్కటే వంటిల్లు.

మా వైపు ఇంటి కొలతలు టేపుతో మొదలుకావు. ఇంటి యజమాని మోచేతి నుంచి నడివేలి కొసదాకా మూర కొలిచి, ఆ పొడవుకు ఒక వెదురు బద్ద కోస్తారు. గదుల పొడవు, గుమ్మాల ఎత్తు, అన్నీ ఆ బద్దతోనే. ఇల్లు ఆ మనిషికి అచ్చిరావాలంటే ఆ మనిషి చేతితోనే కొలవాలని నమ్మకం. మేస్త్రి మా ఆయన చెయ్యి చాపించి మూర కొలిచాడు. మా ఆయన చేతులు మామూలు చేతులు కావు. బడిలో వెనక బెంచీ పిల్లాడి చెవి ముందు నుంచే అందుకోగలడని పేరు. గదులు విశాలంగా వచ్చాయి, గుమ్మాలకు నా తల తగలకుండా పోయింది. అంతవరకూ అందరం సంతోషమే.

అదే బద్దతో మేస్త్రి వంటింట్లో తూర్పు గోడకు ఆనించి గట్టు కట్టాడు. గట్టు రెండు మూరల ఎత్తు ఉండాలి, వండే మనిషి తూర్పు ముఖంగా నిలబడాలి. అది లెక్క. తడి ఆరాక మట్టి పొయ్యి పెట్టి, దాని మీద అన్నం కుండ ఎక్కించి, "చూడక్కా, ఎట్లుందో" అని అత్తమ్మను పిలిచాడు.

అత్తమ్మ వెళ్ళి గట్టు ముందు నిలబడింది. గట్టు ఆమె రొమ్ము దాకా వచ్చింది. మునివేళ్ళ మీద లేచినా కుండ మూతి కనపడలేదు. నేను వెళ్ళి గరిటె తిప్పి చూశాను. నాకు కూడా భుజం చెవిదాకా లేస్తోంది. ఈ గట్టు మీద హాయిగా వండగలిగిన మనిషి మా ఇంట్లో ఒక్కడే. ఆయనకు టీ కాయడం కూడా రాదు.

"అన్నం ఉడికిందా లేదా అన్నది వాసన చూసి చెప్పాల్నా?" అంది అత్తమ్మ.

"పీటేసుకొని ఎక్కి నిలబడక్కా" అన్నాడు మేస్త్రి.

"పొయ్యి ముందల పీటెక్కి జారితే ఎవల మీద పడాలె? నీ మీదనా?"

మా ఆయన సర్దిచెప్పబోయాడు. "నువ్వెందుకు ఎక్కుడమ్మా? అది నీ కోడలు చూసుకుంటది గదా" అన్నాడు. సరిగ్గా ఆ మాటే అనకూడనిది. అత్తమ్మ పాకలోకి వెళ్ళి తన పీట మీద కూర్చుంది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. ఆమె చేతి కూరలో ఉప్పు ఎక్కువ కావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గృహప్రవేశానికి ముందు గోదావరి నీళ్ళు తెచ్చి ఇంట్లో చల్లాలని అత్తమ్మ ఎప్పుడో మొక్కుకుంది. ముగ్గురం బస్సెక్కి పర్ణశాల వెళ్ళాం. చెంబు ముంచుకుని ఒడ్డుకు వచ్చి, గుడి వైపు నడుస్తున్నాం. చూస్తే అత్తమ్మ మా వెంట లేదు. వెదుళ్ళు వేసుకొచ్చిన పెద్ద పడవ ఒకటి ఒడ్డున ఆగి ఉంది. ఆమె దాని ముందు నిలబడి చూస్తోంది.

పడవలో వంట జరుగుతోంది. ఒక పెద్దమనిషి పడవ అంచుకు వేసిన బల్ల మీద కూర్చుని కాళ్ళు పడవ కడుపులోకి వేలాడేసుకున్నాడు. ఆయన ఎదురుగా మట్టి పూసిన చెక్కపెట్టె మీద పొయ్యి ఉంది. పొయ్యికి అవతల, పడవ అడుగున ఇంకో మనిషి నిలబడి చేపలు సాపు చేసి కుండలో వేస్తున్నాడు. కూర్చున్నాయనా నిలబడ్డాయనా ఒకే ఎత్తులో ఉన్నారు. ఒకే కుండలో ఇద్దరి చేతులూ ఆడుతున్నాయి. ఒకరికొకరు అడ్డం రావడం లేదు.

"అయ్యా, గట్ల కూసుంటే కాళ్ళు గుంజవా?" అని అరిచింది అత్తమ్మ.

"అవ్, గుంజవమ్మా. పొద్దంత గిట్లనే కూసుంట. కాళ్ళు కిందికి ఏలాడితే నొప్పేంది?" అన్నాడాయన.

మా ఆయన కంగారుపడ్డాడు. "అమ్మా, జల్దీ రా. దర్శనం బంద్ చేస్తరు."

"రాముడు యాడికీ పోడు. పడవ పోతది" అంది అత్తమ్మ, కళ్ళు తిప్పకుండా.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆమె ఒళ్ళో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎడం చేసి, దగ్గర చేసి ఏదో చూసుకుంటూనే ఉంది. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. వంద మందికి వండే పెళ్ళి పూట ఆమె ముఖం అలాగే ఉండేదేమో అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పొయ్యిలో బూడిద చేటలో ఎత్తుకుని కొత్త వంటింట్లోకి వెళ్ళింది. దక్షిణం గోడకు కిటికీ ఉంది. ఆ కిటికీ కింద నుంచి గది మధ్యదాకా బూడిదతో రెండు గీతలు గీసింది. గట్టు గోడకు ఆనుకుని ఉండక్కర్లేదట, గోడ నుంచి గది మధ్యకు రావాలట. నన్ను పిలిచి గీతల మధ్య ఇటుకలు పేర్పించి, వాటి మీద నులకమంచం ఎత్తించింది. అది గట్టు. దానికి పడమటి వైపు, కొంచెం ఎడంగా వడ్ల బస్తాలు వేయించింది. అది అరుగు. బస్తాల మీద కూర్చుని కాళ్ళు ఆ సందులోకి వదిలింది. నన్ను మంచానికి అవతల, ఆమెకు ఎదురుగా నిలబడమంది.

"ఇప్పుడు పప్పు వండు" అంది.

"దేంతో అత్తమ్మా? కుండల్ల ఏం లేదు గదా?"

"ఏం లేకున్నా వండు."

అలా మేమిద్దరం ఆ ఖాళీ గదిలో ఉత్త కుండలతో వంట చేశాం. నీళ్ళు తేవడానికి నేను మంచం చుట్టూ తిరిగి ఆమె వీపు వెనకనుంచి వెళ్ళి వచ్చేసరికి, "తప్పు. బాన నీ దిక్కే ఉండాలె, వెనక తలుపు పక్కన. బోరింగు అటే గదా" అని అక్కడ బూడిదతో ఒక సున్నా చుట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయడానికి నేను వంగితే, "తూము ఆడ్నే పెట్టాలె" అని ఇంకో గీత. కట్టెలు గట్టు కింద ఖాళీలో. ఉప్పూ కారమూ చింతపండూ గట్టు మధ్యలో, ఇద్దరికీ అందేటట్టు. పచ్చడి నూరే రోలు అరుగులోనే పాతాలి, ఆమె పక్కనే. పొయ్యిలు కిటికీ కింద, కట్టెలు పెట్టే నోరు గది వైపుకి. పొగ కిటికీ నుంచి పోతుందో లేదో చూడటానికి పచ్చి ఆకులు కూడా కాల్చింది. గీసింది నచ్చకపోతే పాదంతో చెరిపి మళ్ళీ గీసేది. చెరిపినప్పుడల్లా నన్ను మళ్ళీ పప్పు వండమనేది.

కిటికీ దగ్గర ఊరి ఆడవాళ్ళు చేరి ఒకటే నవ్వు. "ఉత్త కుండల్ల ఏం ఉడుకుతుందత్తా?" అని ఒకామె అడిగింది.

"మీ నోళ్ళు మూసే పప్పు" అంది అత్తమ్మ.

నేనూ మొదట్లో సిగ్గుపడ్డాను. కానీ సాయంత్రమయ్యేసరికి ఆ లేని వంటింట్లో నా కాళ్ళు వాటంతటవే సరైన చోటుకి పోతున్నాయి. ఎవరూ ఎవరికీ తగలడం లేదు. నడుం వంచే పనే లేదు. ఇంత చక్కటి ఆలోచన ఒక్క పడవను చూసి ఆమెకు తట్టిందంటే, నిజం చెప్పొద్దూ, నాకు ఆమెను పట్టుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. పెట్టుకోలేదు. అత్తగారు కదా.

మేస్త్రిని పిలిచి, తూర్పు గోడ గట్టు పగలగొట్టి బూడిద గీతల ప్రకారం కట్టమంది. అతను ఒప్పుకోలేదు. "ఎదురెదురుగ నిలబడి వండుడేందక్కా? నీ ముఖం తూర్పుకున్నా నీ కోడలి ముఖం పడమరకుంటది. పడమర చూసి వండితే ఇంటికి మంచిది కాదు" అన్నాడు.

"సూర్యుడు పొద్దున తూర్పున, మాపటికి పడమర. అవునా కాదా? పొద్దున కోడలు డ్యూటీకి పోతది, వంట నాది. నేను తూర్పు చూస్త. మాపటికి వంట దానిది. అది పడమర చూస్తది. ఇద్దరం సూర్యునికే గదా మొక్కేది" అంది.

మేస్త్రి తల గోక్కుని, మా ఆయన మూర బద్ద తీశాడు. అత్తమ్మ అతని చేతిలోంచి దాన్ని మెల్లగా అందుకుని, కళ్ళకద్దుకుని, పక్కన పెట్టింది.

"ఇది ఇంటి మూర. భద్రంగ ఉంచు. వంటింటికి వేరే మూర."

"వంటింటికి వేరే మూరేందమ్మా?" అన్నాడు మా ఆయన.

"వండేటోళ్ళ మూర."

మేస్త్రి కొత్త వెదురు బద్ద తీసుకుని ఆమె వైపు తిరిగాడు. ఆమె చెయ్యి చాపుతుందనే మేమంతా అనుకున్నాం. ఆమె చటుక్కున నా మణికట్టు పట్టుకుని నా చెయ్యి ముందుకు చాపింది.

"ఈ పిల్లది కొలువు. గట్టు, అరుగు, సందు, అన్నీ దీని మూరతోనే" అంది.

"నాదెందుకత్తమ్మా? అరుగు మీద కూసునేది నువ్వు గదా?" అన్నాను.

"నాది పొట్టి చెయ్యి. దీంతోని కట్టిస్తే నువ్వు వంగి వంగి సస్తవ్. ఊకో" అని నవ్వేసింది.

అలా కట్టిన వంటిల్లు మాది. అత్తమ్మ అరుగు మీద తన పాత పీట వేసుకుని కూర్చునేది. సందు అడుగున పాదాల కింద ఇంకో చెక్క పెట్టుకునేది. పీట లేకపోతే ఆమెకు వంటకు చెయ్యి ఆడదేమో, పాత అలవాటు కదా అనుకున్నాను. పొద్దున నేను బయల్దేరే లోపల నా డబ్బా సర్ది గట్టు చివర పెట్టేది. సాయంత్రం నేను నిలబడి వండుతుంటే ఎదురుగా కూర్చుని రోట్లో పచ్చడి నూరేది. నేను గూడేల సంగతులు చెప్పేదాన్ని. ఆమె పెళ్ళిళ్ళ సంగతులు చెప్పేది. ఏ పెళ్ళిలో ఏ వియ్యంకుడు ఏ కూరకు వంక పెట్టాడో అన్నీ గుర్తే. మేం పోట్లాడుకోకపోలేదు. కానీ గోడ వైపు తిరిగి వండితే కోపం నిలుస్తుంది. ఎదురెదురుగా మొహాలు చూసుకుంటూ ఎంతసేపని అలుగుతాం? ఒకరికి నవ్వొస్తే ఇద్దరికీ వచ్చేది.

సత్తుపల్లి నుంచి మా చుట్టాలు ఆ వంటింటిని చూడటానికే వచ్చారు. ముచ్చటపడి వెళ్ళి, తమ ఇంట్లోనూ అలాగే కట్టించారు. తీరా చూస్తే అక్కడి మేస్త్రి ఇంటాయన మూరతో కట్టాడట. మళ్ళీ వచ్చి, ఈసారి ఇంటావిడ చెయ్యి చాపి మరీ మా గట్టుతో సరిచూసుకుని వెళ్ళారు. తర్వాత గ్యాసు పొయ్యి వచ్చింది, మిక్సీ వచ్చింది. ఊళ్ళో చాలామంది వంటిళ్ళు పగలగొట్టి మళ్ళీ కట్టుకున్నారు. మా గట్టు మీద పాత పొయ్యి తీసి కొత్త పొయ్యి పెట్టాం, అంతే. ఇంకేమీ మార్చాల్సిన పని పడలేదు. ఎన్నో ఇళ్ళలోకి వెళ్ళే ఉద్యోగం నాది. అంత పొందికైన వంటిల్లు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

తొంభైల్లో ఒక వానాకాలం, ఒక గూడేనికి వాగు దాటి వెళ్తుంటే నాచు రాయి మీద జారి పడి కాలు విరిగింది. భద్రాచలం దవాఖానాలో మోకాలి దాకా పిండికట్టు వేసి, కాలు కింద మోపొద్దన్నారు. అప్పటికి అత్తమ్మ బాగా పెద్దదైపోయింది. చేతులు వణుకుతున్నాయి, గరిటె పట్టు దొరకడం లేదు. ఉప్పూ పులుపూ చెప్పడం వరకే చేస్తోంది. ఇంటికి వచ్చిన మర్నాడు నేను మంచంలో పడుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి మా ఇద్దరి చెయ్యీ పడకుండా వంటింట్లోంచి వినబడుతున్న గిన్నెల చప్పుడు వింటున్నాను. మా ఆయన వండుతున్నాడు. ఏదో పడింది. ఏదో మాడింది. నాకు దుఃఖం ఆగలేదు. ఎందుకో నాకే అర్థం కాలేదు. ఒక్క కాలు విరిగినందుకు ఇంతగా ఏడవాలా?

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"లే" అంది. "ఆ కర్ర పట్టుకొని రా."

"వచ్చి ఏం చెయ్యాలత్తమ్మా? నిలబడలేను గదా."

"నిలబడుమన్ననా?"

వంటింట్లో ఆమె తన చోటులోంచి పీట తీసేసింది. పాదాల కింది చెక్కను కాలితో పక్కకు నెట్టింది. "కూసో" అంది. నేను అరుగు మీద కూర్చుని, కట్టు కాలినీ మంచి కాలినీ మెల్లగా సందులోకి వదిలాను. మంచి కాలి పాదం సరిగ్గా నేలకు ఆనింది. మోచేతులు గట్టు మీదికి చక్కగా వచ్చాయి. కుండ మూతి, లోపల ఉడుకుతున్న పప్పు కనపడుతున్నాయి. పీట అక్కర్లేదు. చెక్క అక్కర్లేదు. ఆ అరుగు నా కొలతకు కట్టిన అరుగు.

ఎదురుగా మా ఆయన నడుం వంచి గరిటె తిప్పుతూ, "ఈ గట్టు ఇంత పొట్టిగుందేందమ్మా? నా నడుం పోయింది" అంటున్నాడు.

"నీ మూర ఇల్లంత ఉన్నది గదరా. ఇక్కడ వంగు" అంది అత్తమ్మ.

నేను ఆమె చేతిలోని పీట వైపు చూశాను. అన్నేళ్ళూ ఆ పీటా ఆ చెక్కా వేసుకుని, తనది కాని కొలతలో తను సర్దుకుని కూర్చుంది.

"ఆనాడే చెప్పొచ్చు గదా అత్తమ్మా" అన్నాను.

"చెప్తే నా మూరతోనే కట్టియ్యమని పంచాతి పెడ్తువు. నాకు పీట ఉన్నది, సరిపోయింది" అంది. పీట మీది దుమ్ము దులుపుతూ, "పొయ్యి కాడ నాకు జాగ లేకుండ పోతదని ఆనాడు ఎంత బుగులు పడ్డనో నాకెరుక. నీకూ మోకాళ్ళు ఉన్నయ్ గదా, బిడ్డా. ఆ బుగులు నీకెందుకు?" అంది.

నేను ఏడుస్తున్నానని చూసి మా ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పప్పు పొంగింది. నేను చెయ్యి చాపి మంట తగ్గించాను.

అత్తమ్మ తన పీట అరుగు మీద నా పక్కన పెట్టుకుంది.

"కొంచెం జరుగు" అంది.

నేను జరిగాను.